తారిఖ్ ఓడలు, తారీఖు పాఠం

షాబాన్ నెలలో మా మదరసా వార్షిక జల్సా జరుగుతుంది. పరీక్షలు ముగిసి, పిల్లలు రమజాన్ సెలవులకు ఇళ్ళకు వెళ్ళే ముందు తల్లిదండ్రుల ఎదుట తాము నేర్చినది ఒప్పజెప్పే రోజు అది. గడచిన యేటి జల్సాలో పదమూడేళ్ళ బాలుడొకడు తారిఖ్ బిన్ జియాద్ (రహ్మ) గాథను చెప్పాడు. ఉర్దూలో మొదలుపెట్టి, ఊళ్ళ నుంచి వచ్చిన తల్లుల కోసం తెలుగులోకి మారాడు. అందలుస్ తీరాన సైన్యాన్ని దించిన తరువాత, వెనుదిరిగే ఆలోచన ఎవరికీ రాకూడదని తారిఖ్ తన ఓడలన్నిటికీ నిప్పు పెట్టించిన ఘట్టం వచ్చేసరికి షామియానా కింద ఒక్కరూ కదలలేదు. చివరి వరుసలో కూర్చున్న వాని తండ్రి భుజం మీది తువాలుతో కళ్ళు ఒత్తుకోవడం మేము చూశాము. పళ్ళ బండి తోసుకుని బతికే మనిషి ఆయన. మొదటి బహుమతి ఆ బాలునికే దక్కింది.

ఆ ప్రసంగం వానికి రాసి ఇచ్చినది మేమే. వానికొక్కనికే కాదు, ఇరవై ఆరేళ్ళుగా ఎందరికో అదే ప్రసంగాన్ని రాసి ఇస్తూ వచ్చాము. మా దగ్గర చదివి వెళ్ళి ఇమాములైన వారు జుమా ఖుత్బాలలో అదే చెబుతున్నారు. ఈ వ్యాసం ఆ ప్రసంగం గురించే.

మేము చరిత్ర బోధకులమైన తీరు ముందుగా చెప్పుకోవాలి. దౌరయె హదీస్ ముగించుకుని వచ్చిన కొత్తలో నాజిమ్ సాహెబ్ మమ్మల్ని పిలిచి, "సర్ఫ్, నహ్వ్ చెప్పేవారు ఉన్నారు. ఫిఖ్‌హ్, హదీసు పెద్దలు చూసుకుంటారు. తారీఖు గంట ఖాళీగా ఉంది, మీరు పుచ్చుకోండి" అన్నారు. అందరికంటే చిన్నవానికి మిగిలిన గంట తారీఖు. ఇందులో ఆయన తప్పేమీ లేదు. 18వ శతాబ్దంలో ముల్లా నిజాముద్దీన్ సిహాల్వీ పేరిట స్థిరపడిన దర్సె నిజామీలో తర్కానికి, వ్యాకరణానికి, ధర్మశాస్త్రానికి దక్కిన పీట చరిత్రకు దక్కలేదు. చరిత్ర అనేది తెలిసినవాడు చెప్పగలిగే కథ, దానికి వేరే ఉస్తాద్ ఎందుకన్న భావం మనలో పాతుకుపోయింది. మాకు ఒక ఉర్దూ పుస్తకం, ఒక నల్లబల్ల, ఒక సుద్దముక్క ఇచ్చారు. చరిత్ర చెప్పడానికి తర్ఫీదు కావాలని ఎవరూ అనలేదు. మాకూ తోచలేదు.

మా పెద్దమ్మాయి సాంఘిక శాస్త్రంలో బీఎడ్ చేసి ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో పని చేస్తున్నది. ఇషా తరువాత వంటగది పక్కన కూర్చుని ఫోనులో ఏవో పాఠాలు చూస్తూ ఉంటుంది. నిష్ఠా అని, దీక్షా అని పేర్లు వినబడేవి. ప్రభుత్వ ఉపాధ్యాయులకు అవి తప్పనిసరి అట. 2020 నాటి జాతీయ విద్యా విధానం ప్రతి ఉపాధ్యాయుడూ ఏడాదికి కనీసం 50 గంటలు తన వృత్తిని మెరుగుపరచుకునే చదువులో గడపాలని ఆశిస్తున్నది. ఒక రాత్రి మేము నవ్వుతూ, "చదువు చెప్పేవాళ్ళకు మళ్ళీ చదువేమిటమ్మా?" అన్నాము.

ఆమె తల ఎత్తకుండానే అడిగింది. "అబ్బా, రేపటి హదీసు పాఠానికి మీరు ఎంతసేపు ముతాలా చేస్తారు?"

"గంటో రెండు గంటలో."

"తారీఖు పాఠానికి?"

సమాధానం మా దగ్గర లేదు. తారీఖుకు ముతాలా చేయడం మానేసి చాలా ఏళ్ళయింది. అంతా నోటికే వచ్చు. నోటికి వచ్చిన పాఠానికి ముతాలా ఎందుకు? ఆ మాట మేము పైకి అనలేదు గాని, అనకుండానే ఆమెకు తెలిసిపోయింది. తండ్రుల మౌనాన్ని కూతుళ్ళు ఇట్టే చదివేస్తారు.

ఆ వేసవిలో హైదరాబాదులోని ఒక విశ్వవిద్యాలయంలో చరిత్ర ఉపాధ్యాయులకు అయిదు రోజుల కార్యశాల ఉందని, మదరసా ఉస్తాదులు కూడా రావచ్చునని ఆమే చూసి, మా పేరు రాసి పంపింది. సెలవు అడిగినప్పుడు నాజిమ్ సాహెబ్ కాసేపు మా గడ్డం వంక చూశారు. "ఈ వయసులోనా?" అన్నారు. ఆయన ఎగతాళి చేయలేదు. మా మోకాళ్ళ సంగతి ఆయనకు తెలుసు.

అక్కడ ముప్పై మందికి పైగా ఉన్నారు. సగం మంది మా కూతురి ఈడు వాళ్ళు. టోపీ, షేర్వానీతో మేమొక్కరమే. చివరి వరుసలో కూర్చున్నాము. మనసులో ఒక బెదురు ఉన్నదని దాచుకోము. మన చరిత్రను తీసి పక్కన పెడతారేమో, మనవాళ్ళను ఏదైనా అంటారేమో, అన్నప్పుడు లేచి మాట్లాడాలా, కూర్చోవాలా అని. తీరా జరిగినది వేరు.

పాఠం చెప్పడానికి వచ్చినది పదవీ విరమణ చేసిన ఒక ఆచార్యురాలు. మొదటి రోజు ఆమె ఉపన్యాసం ఇవ్వలేదు. "మీరు తరగతిలో చెప్పడానికి అన్నిటికంటే ఇష్టపడే కథ ఒకటి చెప్పండి. దాన్ని మీరెప్పుడూ వదులుకోలేనంత ఇష్టం ఉండాలి" అన్నది. ఒకరు చార్మినారు నుంచి గోల్కొండ దాకా పోయే సొరంగం గురించి చెప్పారు. ఇంకొకరు తమ ఊరి కోట గోడలో దాచిన నిధి గురించి చెప్పారు. మా వంతు వచ్చింది. మేము తారిఖ్ ఓడల గాథ చెప్పాము. గొంతు విప్పితే మాకు ఇప్పటికీ బాగానే పలుకుతుంది. అందరూ విన్నారు. తరువాత ఆమె ప్రతి కథ కిందా బల్ల మీద నాలుగు ప్రశ్నలు రాసింది. దీన్ని మొదట చెప్పినది ఎవరు? జరిగిన ఎన్నేళ్ళకు చెప్పారు? వారికి ఎవరి ద్వారా తెలిసింది? వారికంటే ముందు రాసినవారు ఏమన్నారు?

"అల్లామా ఇఖ్బాల్ పారసీ కవితలో ఉంది" అన్నాము మేము.

"ఇఖ్బాల్ నిన్న మొన్నటి వారు కదా మౌలానా గారూ. తారిఖ్ దాటినది 711లో. మధ్యలో పన్నెండు వందల ఏళ్ళున్నాయి. ఆ ఖాళీలో ఎవరున్నారో చూడండి" అన్నది. మర్యాదగానే అన్నది. ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే మాకు కోపం వచ్చేది, కోపంలో తప్పించుకునేవాళ్ళము.

ఆ రాత్రి బస గదిలో నిద్ర పట్టలేదు. అమ్మాయి మా ఫోనులో అల్ మక్తబతుష్షామిలా పెట్టి ఇచ్చింది. వేలాది అరబీ గ్రంథాలు ఖర్చు లేకుండా చదువుకోగల గ్రంథాలయం అది. అరబీ చదవగలిగిన మన ఉస్తాదులలో ఎందరో దాన్ని ఫత్వాల కోసం వాడతారు, చరిత్ర కోసం తెరిచేవారు తక్కువ. మేము మొదట ఇబ్నె అబ్దుల్ హకమ్ దగ్గరికి వెళ్ళాము. ఈజిప్టు పండితుడు ఆయన. హి. 257లో, అనగా 871లో మరణించారు. ఈజిప్టు, మగ్‌రిబ్, అందలుస్ విజయాల గురించి మనకు మిగిలిన పాత గ్రంథాలలో ఆయనది ముఖ్యమైనది. ఆయన చెప్పిన దాని ప్రకారం సైన్యాన్ని దాటించిన ఓడలు తారిఖ్‌వి కావు. సబ్తా ప్రభువు యూలియాన్‌వి. మామూలుగా వర్తకులు రాకపోకలకు వాడే ఓడల్లో కొంతమంది చొప్పున దాటించారు, అందుకే ఆవలి తీరం వాళ్ళకు అనుమానం రాలేదు అంటారు ఆయన. నిప్పు ముచ్చట లేదు. పేజీలు వెనక్కీ ముందుకీ తిప్పాము. లేదు.

తరువాత అఖ్బార్ మజ్మూఆ అనే గ్రంథం. రాసినవారి పేరు తెలియదు గాని, అందలుస్ తొలి చరిత్రకు పండితులు దాన్ని తప్పక చూస్తారు. అందులో ఉన్నవి నాలుగే ఓడలు. ఏడు వేల మందిని ఆ నాలుగు ఓడలే అటూ ఇటూ తిరుగుతూ దాటించాయట. కొంతమందిని దించడం, తిరిగి రావడం, మళ్ళీ ఎక్కించడం. దిగినవాళ్ళు కొండ చాటున మిగిలినవాళ్ళ కోసం వేచి ఉండడం. ఆ కొండే జబల్ తారిఖ్, నేటి జిబ్రాల్టర్. ఆ తరువాత శత్రురాజు పెద్ద బలగంతో వస్తున్నాడని తెలిసి తారిఖ్ సహాయం కోరుతూ మూసా బిన్ నుసైర్‌కు లేఖ రాశారు. మూసా ఆ సరికి మరికొన్ని ఓడలు కట్టించి ఇంకో అయిదు వేల మందిని పంపారు. ఇక్కడా నిప్పు లేదు.

మరి ఈ నిప్పు ఎక్కడ రాజుకుంది? మాకు దొరికినంతలో అది 12వ శతాబ్దంలో కనబడుతుంది. సిసిలీ రాజు రెండవ రోజర్ కోరికపై 1154లో భూగోళ గ్రంథాన్ని పూర్తి చేసిన అల్ ఇద్రీసీ దగ్గర ఉంది. అదీ మేము చెప్పే విధంగా లేదు. తారిఖ్ అమాజిగ్ తెగవారు, సైన్యంలోని అరబ్బులు తనను నమ్మడం లేదని ఆయనకు తోచిందట, ఆ అనుమానాన్ని పోగొట్టడానికి ఓడలు కాల్పించారట. మేము పిల్లలకు చెప్పినది ధైర్యం కథ. ఇద్రీసీ చెప్పినది అపనమ్మకం కథ. సంఘటనకూ ఆయన రాతకూ నడుమ 440 ఏళ్ళకు పైగా గడిచాయి. (ఆ ప్రసిద్ధమైన ప్రసంగం సంగతి ఇంకా చిక్కు ముడి. దాని పాఠాంతరాలు పలు గ్రంథాలలో పలు విధాలుగా ఉన్నాయి. ఇక్కడ దాని జోలికి పోము.)

ఓడలు కాలలేదని ప్రమాణం చేసి చెప్పగలమా? చెప్పలేము. కాలాయని చెప్పే మాట మాత్రం దూరం నుంచి వచ్చింది, దగ్గరివారు దాన్ని ఎరుగరు. ఇంతే తేలింది. ఇంతమాత్రానికే ఆ రాత్రి మాకు ఇంట్లోంచి ఎవరో దీపం తీసుకుపోయినట్లు అనిపించింది.

ఫజ్ర్ నమాజు తరువాత కాస్త తేరుకున్నాము. అప్పుడు సిగ్గు మొదలైంది. ఆ ఆచార్యురాలు బల్ల మీద రాసిన నాలుగు ప్రశ్నలూ మా ఇంటి ప్రశ్నలే. ఒక హదీసును ఎవరైనా మా ముందు చెబితే ఇస్నాద్ ఏది, రావీలు ఎవరు, ఒకరినొకరు కలిశారా, మధ్యలో తెగిందా అని అడగకుండా మేము ఒప్పుకోము. ముహద్దిసులు ఒక రావీని పట్టుకుని, "ఫలానా షేఖ్ దగ్గర ఏ సంవత్సరంలో విన్నావు?" అని అడిగేవారు. అతడు చెప్పిన సంవత్సరానికి ఆ షేఖ్ కన్నుమూసి ఉంటే అబద్ధం అక్కడికక్కడే తేలిపోయేది. తారీఖు అన్న శాస్త్రం మనలో ఎదిగిన కారణాలలో ఇదొకటి. మన తెలుగువారు రోజును 'తారీఖు' అంటారు, అరబీలో చరిత్ర పేరూ అదే. ఆ రెండు అర్థాలకూ నడుమ ఉన్న బంధం మాకు ఆ ఉదయం వరకు తట్టలేదు. హదీసు తరగతిలో జల్లెడ పట్టుకుని కూర్చునే మనుషులము, గంట మారి తారీఖు తరగతిలోకి రాగానే జల్లెడ గుమ్మం బయట పెట్టి వచ్చాము. విన్నదల్లా చెప్పడం గురించి దైవప్రవక్త (స) హెచ్చరిక మాకు కంఠస్థమే.

మన పెద్దలు ఇలా చేయలేదు. ఇమామ్ తబరీ (రహ్మ) తన మహాచరిత్ర ఆరంభంలోనే, ఇందులో వింతగా తోచినది ఏదైనా ఉంటే అది తాను విన్నవారి నుంచి వచ్చినదేనని, తాను అందినదాన్ని అందించానని పాఠకుని హెచ్చరించారు. ఆ హెచ్చరికను వదిలేసి కథలను మాత్రం తీసుకున్నది మన వంటివారు. ట్యూనిస్‌లో 1332లో పుట్టిన ఇబ్నె ఖల్దూన్ తన ముఖద్దిమాలో ఇంకా ముందుకు వెళ్ళారు. మూసా (అలై) వెంట ఉన్న ఇస్రాయీల్ సంతతి యోధులు ఆరు లక్షలకు పైమాటే అని చరిత్రకారులు రాసుకుంటూ పోతే, అంతమంది నిలబడడానికి చోటెక్కడిది, వారిని బారులు తీర్చడం ఎలా సాధ్యం, ఒక వంశం కొద్ది తరాల్లో అంత పెరుగుతుందా అని లెక్కకట్టారు. చెప్పినవాడు నమ్మదగినవాడేనా అన్నదానికి తోడు, చెప్పినది జరగదగినదేనా అని కూడా అడగాలన్నది ఆయన వాదం.

రెండో రోజు మేము ఇదంతా చెప్పాము. ఆచార్యురాలు శ్రద్ధగా విని, "మూడో రోజు ఒక గంట మీరు తీసుకోండి. ఉపన్యాసం వద్దు, మాకు పని ఇవ్వండి" అన్నది. మేము ఖతీబ్ బగ్దాదీ (రహ్మ) ఉదంతాన్ని ఎంచుకున్నాము. హిజ్రీ అయిదవ శతాబ్దంలో బగ్దాదు వజీరు ముందుకు ఒక పత్రం వచ్చింది. ఖైబర్ వాసులకు జిజియా మినహాయిస్తూ దైవప్రవక్త (స) రాయించి ఇచ్చినదని దాన్ని తెచ్చినవారు చెప్పారు. సాక్షులుగా సహాబాల పేర్లున్నాయి. వజీరు దాన్ని ఖతీబ్‌కు చూపించారు. ఆయన చూసి ఇది కల్పితమన్నారు. ఎలా తెలిసింది?

మేము జవాబు చెప్పలేదు. సాక్షులలో ఇద్దరి పేర్లు, హజ్రత్ ముఆవియా (రజి), హజ్రత్ సఅద్ బిన్ ముఆజ్ (రజి), కాగితాల మీద రాసి ఇచ్చాము. పక్కన మూడు సంఘటనలు, వాటి సంవత్సరాలు విడిగా ఇచ్చాము. ఖైబర్ విజయం హి. 7. మక్కా విజయం హి. 8, ముఆవియా (రజి) ఇస్లాం స్వీకరించినది అప్పుడు. ఖందఖ్ యుద్ధం హి. 5, ఆ యుద్ధంలో తగిలిన గాయంతోనే సఅద్ (రజి) మరణించారు. పది నిమిషాలు గడిచాయో లేదో, పాలమూరు వైపు నుంచి వచ్చిన ఒక తెలుగు మాధ్యమం ఉపాధ్యాయిని బల్ల చరిచి లేచింది. "ఒకాయన అప్పటికి ముస్లిం కాలేదు, ఒకాయన అప్పటికి బతికి లేడు. ఇద్దరూ సాక్షులెట్లయితరు సార్?" గది అంతా చప్పట్లు. ఆమెకు ఇస్లాం చరిత్రతో పరిచయం లేదు, అరబీ అక్షరం తెలియదు. వెయ్యేళ్ళ కింద ఖతీబ్ చేసిన పనిని మధ్యాహ్నం భోజనానికి ముందే చేసి చూపింది. ఈ ఉదంతాన్ని మేము కూడా ఏళ్ళ తరబడి చెప్పాము, ఖతీబ్ ఎంత గొప్పవారో చూడండి అని. పిల్లల చేత ఆ పని చేయించవచ్చునని ఒక్కనాడూ అనుకోలేదు.

అయితే అక్కడితో మమ్మల్ని పొగిడి కూర్చోబెట్టలేదు. "మౌలానా గారూ, మీ పద్ధతి వార్త మోసుకొచ్చినవాణ్ణి బాగా పరీక్షిస్తుంది. ఆ వార్త ఎవరికి అవసరమై పుట్టింది, అందులో ఎవరి మాట లేదు అన్నది కూడా చూడాలి" అని, ఒక ప్రశ్న వేసింది ఆచార్యురాలు. "ఆ నాలుగు ఓడలు నడిపినవాళ్ళు ఎవరు?" మేము నివ్వెరపోయాము. సేనాపతి పేరు తెలుసు, గవర్నరు పేరు తెలుసు, రాజు పేరు తెలుసు. రాత్రిళ్ళు తెడ్లు వేసినవాళ్ళ గురించి ఇరవై ఆరేళ్ళలో మాకు ఆలోచన రాలేదు.

నాలుగో రోజు తార్నాకలోని రాష్ట్ర ప్రాచీన పత్రాల భాండాగారానికి తీసుకువెళ్ళారు. షాజహాన్, ఔరంగజేబుల దక్కను కాలపు పారసీ కాగితాలు అక్కడ భద్రంగా ఉన్నాయి. పారసీ వచ్చినది మాకొక్కరికే కనుక అందరూ మా చుట్టూ చేరారు. గులిస్తాన్ చదువుకున్న ధీమాతో వంగి చూశాము. శికస్తా రాత అది. చుక్కలు లేవు, అక్షరాలు ఒకదానిలోకి ఒకటి జారిపోయి ఉన్నాయి. ఒక ముద్ర, ఒక పేరు, ఒక సంవత్సరం తప్ప ఏమీ పట్టుబడలేదు. అక్కడి ఉద్యోగి ఒకాయన, మాకంటే చిన్నవాడు, వేలు పెట్టకుండా పెన్సిలు మొన గాలిలో కదిలిస్తూ చదివి చూపాడు. సైనికుల, గుర్రాల హాజరు లెక్క. ఇంత పెద్ద సామ్రాజ్యం, గుర్రాల లెక్క తప్పకుండా రాసుకుంది. శికస్తా నేర్చుకోవాలన్న కోరిక ఆ రోజు పుట్టింది. ఇప్పటికి కొంచెం కూడబలుక్కుంటున్నాము.

మనలో ఈ దారి కొత్తది కాదు. మౌలానా షిబ్లీ నొమానీ (రహ్మ) అలీగఢ్‌లో అధ్యాపకులుగా ఉన్నప్పుడు సహోద్యోగి థామస్ ఆర్నాల్డ్‌కు అరబీ చెప్పి, ఆయన దగ్గర ఫ్రెంచి నేర్చుకున్నారు. 1892లో ఇస్తాంబుల్, సిరియా, ఈజిప్టు గ్రంథాలయాలు వెతుక్కుంటూ వెళ్ళారు. అల్ ఫారూఖ్ ఆ శ్రమ మీద నిలబడిన గ్రంథం. ఇస్కందరియా గ్రంథాలయాన్ని హజ్రత్ ఉమర్ (రజి) తగులబెట్టించారన్న నిందకు ఆయన జవాబు రాసినప్పుడు కోపంతో రాయలేదు. ఈజిప్టు విజయం తరువాత శతాబ్దాల పాటు ముస్లిం, క్రైస్తవ చరిత్రకారులెవరూ ఆ మాట ఎత్తలేదని, అది ఎంతో ఆలస్యంగా పుట్టిందని చూపించారు. ఇక్కడే మా గొంతులో వెలక్కాయ పడింది. మన మీది నింద ఆలస్యంగా పుట్టిందని కొట్టివేసే తూకంలోనే మన మీది పొగడ్తనూ తూచాలి కదా. నింద తూచడానికి ఒక రాయి, పొగడ్త తూచడానికి ఒక రాయి పెట్టుకుంటే మనది ఏ అంగడి?

తిరిగి వచ్చాక మొదటి తారీఖు పాఠం రోజున ఆ బాలుడు ముందు వరుసలోనే ఉన్నాడు. మేము మూడు గ్రంథాల మాటలూ బల్ల మీద రాశాము, ఎదురుగా సంవత్సరాలు వేశాము. నాలుగు ప్రశ్నలు పిల్లలనే అడగమన్నాము. సగంలోనే వాడు గ్రహించాడు. చెవులు ఎర్రబడ్డాయి. "హజ్రత్, అయితే నేను జల్సాలో చెప్పింది అబద్ధమా?"

"నువ్వు చెప్పినది మేము రాసి ఇచ్చినది బేటా. విచారించకుండా రాసినది మేము" అన్నాము. నలభై మంది పిల్లల ముందు ఆ మాట అనడానికి గడ్డం తెల్లబడేదాకా ఆగవలసి వచ్చింది. వాడు మళ్ళీ మాట్లాడలేదు. మరుసటి రోజు బడికి రాలేదు.

మూడో రోజు వాని తండ్రి వచ్చాడు. బండి గేటు బయట పెట్టి, చెప్పులు విడిచి, గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. "మౌల్వీ సాబ్, ఆ బహుమతి కప్పును మా ఇంట్లో అద్దాల బీరువాలో పెట్టుకున్నాము. వాడు దాన్ని తీసి మంచం కింద పెట్టేశాడు. ఆ కథ విని నేను ఏడ్చాను మౌల్వీ సాబ్. మీరిప్పుడు అది లేదంటున్నారట." ఆయనకు ఇస్నాద్ గురించి చెప్పబోయి ఆగాము. కూర్చోబెట్టి చాయ్ తెప్పించాము. తారిఖ్ దాటినది నిజం, గెలిచినది నిజం, ఆ కొండకు నేటికీ ఆయన పేరే ఉన్నది నిజం అని చెప్పాము. "కొడుకు బాగా చెప్పాడు, బహుమతి వాని గొంతుకు, వాని ధైర్యానికి" అన్నాము. ఆయన తల ఊపాడు గాని, పోతున్నప్పుడు మొహం అలాగే ఉంది. చాయ్ సగం గ్లాసులోనే మిగిలింది.

కమిటీ సెక్రటరీ సాహెబ్ వేరే విధంగా మాట్లాడారు. "మౌలానా, ఇవాళ ఓడలు అన్నారు. రేపు ఇంకేదో అంటారు. పిల్లల మనసులో అనుమానం వేస్తే ఎక్కడ ఆగుతుంది?" ఇది తేలికగా తీసివేయదగిన ప్రశ్న కాదు. రాత్రుళ్ళు మమ్మల్ని మేమే ఇదే ప్రశ్న అడిగాము. మేము ఆయనకు చెప్పినది ఇది. వార్త వచ్చినప్పుడు విచారించుకోమన్నది అల్ హుజురాత్ సూరా ఆరవ ఆయతు, అది అనుమానం నేర్పడం కాదు. ఖుర్ఆను, సహీ హదీసులు ఒక జల్లెడ గుండా మనకు చేరాయి, కథలు చేరలేదు. ఆ రెంటినీ ఒకే గొంతుతో, ఒకే నమ్మకంతో చెప్పిన ఉస్తాద్ ఒక రోజు కథ దగ్గర పట్టుబడితే, పిల్లవాడు హదీసును కూడా ఆ గాటనే కట్టివేస్తాడు. ఆ పట్టుకునేవాడు ఈ రోజుల్లో దూరంగా లేడు, పిల్లల చేతిలోని ఫోనులోనే ఉన్నాడు, పైగా మనపై ప్రేమ లేనివాడు. వాడు చెప్పే ముందు మనమే చెప్పడం మేలు కాదా?

సెక్రటరీ సాహెబ్ చాలాసేపు ఊరుకుని, "తరగతిలో చెప్పుకోండి, జల్సాలో వద్దు" అన్నారు. అంతవరకే దక్కింది. దాన్ని మేము ఓటమిగానూ అనుకోలేదు, గెలుపుగానూ అనుకోలేదు.

పక్క మండలంలో ఇమాముగా ఉన్న పాత శిష్యుడొకడు ఫోను చేశాడు. "ఉస్తాద్, పోయిన జుమాలోనే ఓడల కథ చెప్పాను. ఇప్పుడేం చేయాలి?" అన్నాడు. మేము గ్రంథాల పేర్లు, చూడవలసిన చోట్లు పంపాము. ఏం చేయాలో చెప్పలేదు. రెండు వారాల తరువాత మళ్ళీ ఫోను చేసి, ఖుత్బాలో తానే సరిదిద్దుకున్నానని, ఇద్దరు ముసలివారు కోప్పడ్డారని, ఒక ఇంటర్ కుర్రవాడు మాత్రం నమాజు తరువాత ఆగి ఆ పుస్తకం ఎక్కడ దొరుకుతుందని అడిగాడని చెప్పాడు.

మన ఉస్తాదులకు దారులు లేవని అనడానికి లేదు. హైదరాబాదులోని మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయంలో ఉర్దూ మాధ్యమ ఉపాధ్యాయుల వృత్తి వికాసానికి ప్రత్యేకంగా ఒక కేంద్రమే ఉంది. దీక్షాలోని పాఠాలు చూడడానికి ఫోను చాలు. లేనిది సెలవు, బస్సు ఖర్చు, పోయి రండి అనే పెద్దల మాట. కమిటీలు మీనారుకు రంగు వేయించడానికి చందా పోగు చేస్తాయి. ఉస్తాద్‌ను అయిదు రోజులు చదువుకు పంపడానికి చందా అడిగిన కమిటీని మేము ఇంకా చూడలేదు. చూస్తే సంతోషిస్తాము. మేము మాత్రం చుట్టుపక్కల మూడు మదరసాల తారీఖు ఉస్తాదులము నెలకొక గురువారం సాయంత్రం కలుస్తున్నాము. ఒక్కొక్కరు తమకు ప్రియమైన కథ ఒకటి తెస్తారు. నాలుగు ప్రశ్నలు వేసుకుంటాము. కొన్ని కథలు నిలబడతాయి, అప్పుడు మా ఆనందం చూడాలి. కొన్ని నిలబడవు, అప్పుడు ఎవరో ఒకరు చాయ్ ఇంకోసారి చెబుతారు.

ఆ బాలుడు వారం తరువాత బడికి వచ్చాడు. కొన్నాళ్ళు వెనుక వరుసలోనే కూర్చున్నాడు. ఒక రోజు అసర్ తరువాత మేము వరండాలో ఉండగా ఒక నోటు పుస్తకం తెచ్చి ముందు పెట్టాడు. రెండు పేజీల మీద సముద్రం గీశాడు. ఇటు సబ్తా, అటు కొండ. మధ్యలో నాలుగు ఓడలు. ఒక్కో ఓడకు అటూ ఇటూ బాణాలు. ఒక ఓడలో ఎంతమంది పడతారో తెలియక, వంద రాసి కొట్టివేసి, యాభై రాశాడు.

"హజ్రత్, యాభై చొప్పున అయితే నాలుగు ఓడలూ ముప్పై అయిదు సార్లు తిరగాలి. మొదట దిగినవాళ్ళు అన్ని రోజులు అవతల ఏం తిన్నారు?"

మాకు తెలియదని చెప్పాము. వాడు పెన్సిలు తీసుకుని పక్కనే చతికిలబడ్డాడు. మగ్‌రిబ్ అజాన్ అయ్యేదాకా ఇద్దరము ఆ లెక్క చూస్తూనే ఉన్నాము.